విజయవాడ నుంచి అరకు దాకా: ఏ పూట, ఎక్కడ, ఏం తినాలి

మీరు అడిగింది ఇది: మీరిద్దరు, ఆరేళ్ల పాప, షుగర్ ఉన్న మీ అత్తగారు కలిసి హైదరాబాద్ నుంచి జనవరిలో ఐదు రోజులు విజయవాడ, రాజమండ్రి, విశాఖ, అరకు తిరగబోతున్నారు. తిండి ఖర్చు నలుగురికీ కలిపి రోజుకు వెయ్యి దాటకూడదు, ఎవరి కడుపూ పాడవకూడదు. బండ్ల దగ్గరా మెస్సుల్లోనూ తినొచ్చా, లేక భయం లేకుండా ఏసీ హోటళ్లకే వెళ్లాలా?

నిక్షేపంగా తినొచ్చు. వెయ్యిలో సరిపోతుంది కూడా, అరకు రోజు ఒక్కటి తప్ప. అయితే ఏ హోటల్ బాగుంటుందని ఫోన్లో రేటింగ్ చుక్కలు లెక్కపెట్టడం కన్నా, వెళ్లిన చోట ఆ గంటకి పొయ్యి మీద ఏముందో చూసుకోవడం ఎక్కువ పనికొస్తుంది. చిన్న హోటల్లో ఫ్రిజ్ ఉండదు, ఉన్నా పాల ప్యాకెట్లకే సరి. రుబ్బిన పిండి రుబ్బినట్టు అయిపోవాలి, వండిన అన్నం వండినట్టు ఖాళీ కావాలి. అందుకే సరైన వేళకి వెళ్తే అంత తాజా తిండి పెద్ద హోటల్లో కూడా దొరకదు. వేళ దాటాక వెళ్తే అదే మాస్టరు, అదే పెనం, తిండి మాత్రం వేరు. వందకు పైగా రకాలు అచ్చేసిన మెనూ కార్డున్న ఏసీ హోటల్లో గ్రేవీలు ముందే చేసి పెట్టుకోక తప్పదు. ఆ కార్డు చూసి ధైర్యం తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు.

పొద్దున టిఫిన్‌తో మొదలుపెడదాం. ఈ దారి మొత్తంలో చవకైనదీ నమ్మదగినదీ అదే. ఏడు, తొమ్మిది మధ్య వెళ్లండి. ఇడ్లీ ఆవిరి మీద ఉడికి కళ్లెదుటే దిగుతుంది, దాంతో జబ్బు చేయడం అరుదు. గొడవంతా చట్నీతోనే. బండి దగ్గర ఆర్డర్ చెప్పేముందు రెండు నిమిషాలు ఊరికే నిలబడి చట్నీ గిన్నె వైపు చూడండి. పొద్దున ఏడింటికి గరిట నిలబడేంత చిక్కగా ఉంటుంది. జనం పెరిగి గిన్నె అడుగుకి వస్తున్నకొద్దీ, పక్కనున్న బకెట్‌లోంచి ఓ మగ్గు నీళ్లు పోసి, ఉప్పు వేసి, గరిటతో ఓ తిప్పు తిప్పుతారు. ఆ బకెట్ నీళ్లు కాచినవి కావు, చట్నీ మళ్లీ పొయ్యెక్కేదీ కాదు. ప్రయాణంలో విరేచనాలు పట్టుకున్నవాళ్లలో చాలామంది తిట్టుకునేది ఇడ్లీని, చాలాసార్లు కారణం ఆ మగ్గు.

చట్నీల్లో కూడా తేడా ఉంది. పచ్చి కొబ్బరి చట్నీ అన్నిటికన్నా ముందు పాడవుతుంది. ఎండ ఎక్కాక మూడు నాలుగు గంటలకే పులుపు వాసన వేస్తుంది, అంచున సన్నటి బుడగలు కడుతుంది. పల్లీ చట్నీ కాస్త ఓర్చుకుంటుంది. అల్లం పచ్చడిలో చింతపండు, బెల్లం, ఉప్పు దండిగా ఉంటాయి కాబట్టి దానికి ఢోకా లేదు. కారప్పొడి, నెయ్యి అయితే ఏ వేళకైనా సరే. తొమ్మిదిన్నర దాటాక టిఫిన్ తినాల్సి వస్తే "బాబాయ్, చట్నీ వద్దు, అల్లం పచ్చడి, కారప్పొడి వేయండి" అనండి. సాంబారు పొగలు కక్కుతుంటే పోయించుకోండి, లేకపోతే మానేయండి.

పెసరట్టు విషయం వేరు. దోసెల పిండిలా దాన్ని పులియబెట్టరు. పెసలు నాలుగైదు గంటలు నానేసి, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బగానే వేసేయాలి. ఆలస్యమైతే పచ్చగా ఉండాల్సిన పిండి మబ్బుగా మారి అదో రకం వాసన వస్తుంది. పెసరట్టు పొద్దున్నే తినేది అనడానికి కారణం అదే. లోపల పెట్టే ఉప్మా కూడా చూసుకోండి. తెల్లవారుజామున చేసి మూత పెట్టిన ఉప్మా ఎనిమిదిన్నరకల్లా చల్లారి ముద్దకడుతుంది, వేడి అట్టులో చుట్టినంత మాత్రాన అది వేడెక్కదు. ఉప్మా గిన్నె కింద మంట కనబడకపోతే ఉల్లి పెసరట్టు చెప్పుకోండి, పదో ఇరవయ్యో మిగులుతుంది కూడా.

మైసూర్ బోండా పిల్లలకి ఇష్టం కాబట్టి ఒక్క మాట. పైన ఎర్రగా వేగి, విరిస్తే లోపల పిండి జిగటగా సాగుతోందంటే నూనె మరీ కాగిపోయిందన్నమాట. పైపొర గట్టిపడి వేడి లోపలికి దిగలేదు. వెనక్కిచ్చేయండి, గొడవపడక్కర్లేదు. "లోపల ఉడకలేదు బాబాయ్" అంటే మారు మాట్లాడకుండా వేరే వాయిలోవి వేస్తారు. టిఫిన్ బండి వాళ్లకి రోజూ వచ్చే గిరాకీ ముఖ్యం, పది మంది ముందు మాట పోగొట్టుకోరు.

గోదావరి జిల్లాల్లో అడుగుపెట్టాక రెండు టిఫిన్లు మాత్రం వదలకండి. ఒకటి పొట్టెక్కలు: పనస ఆకులు పుల్లలతో గుచ్చి బుట్టల్లా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పట్టేవి. కోనసీమలో, అంబాజీపేట వైపు ఇవి పేరున్నవి. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది, ఆకు విప్పి తినడం పాపకి ఆట. రెండోది దిబ్బరొట్టె. మూకుట్లో నూనె వేసి, మినప్పిండి అంగుళంన్నర మందాన పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద పావుగంటకు పైనే ఉంచుతారు. కింద కరకరలాడే ఎర్ర పొర, పైన దూదిలా ఉండాలి. గిరాకీ ఎక్కువై మంట పెంచితే అడుగు మాడుతుంది, నడుమ పచ్చి పిండి మిగులుతుంది. అందుకని ముందు రొట్టె చెప్పి, అది అయ్యేలోపు మిగతావాళ్లు ఇడ్లీలు కానివ్వండి. నలుగురికి రెండు రొట్టెలు చాలు. దీంతో చెరకు పానకం పోస్తారు, అత్తగారి ప్లేటులో వద్దని ముందే చెప్పండి.

మధ్యాహ్నం మెస్. ఇక్కడ మాటలు అర్థం చేసుకోకపోతే డబ్బు పోతుంది. ప్లేట్ మీల్స్ అంటే ఓ కొలత అన్నం, పప్పు, వేపుడో కూరో, సాంబారు, చారు, చిన్న గిన్నెలో పెరుగు. అన్నం మళ్లీ కావాలంటే విడిగా డబ్బు. ఫుల్ మీల్స్ అంటే కడుపునిండా, అడిగినన్నిసార్లు. "షేరింగ్ లేదు" అన్న బోర్డు ఉండేది ఈ రెండోదానికే. ముగ్గురికి ఫుల్ మీల్స్ తీసుకుని పాపకి పక్కన ఆకు వేయించుకుంటే నాలుగో టోకెన్ రాయించమంటారు. ఆరేళ్ల పిల్లకి ఎలాగని గల్లాపెట్టె దగ్గరే, టోకెన్ తీసుకోకముందే అడగండి. చాలాచోట్ల నవ్వి ఊరుకుంటారు, కొన్నిచోట్ల సగం రేటంటారు. కూర్చున్నాక సప్లయర్‌తో వాదించి లాభం లేదు, అతని చేతిలో లేని విషయం అది.

మీకు నా సలహా: మూడు ప్లేట్ మీల్స్, అవసరమైతే ఒక ఎక్స్‌ట్రా అన్నం. పిల్లలతో ఫుల్ మీల్స్ గిట్టుబాటు కాదు. ఇక పార్శిల్ సంగతి. ఈ ప్రాంతంలో మీల్స్ పార్శిల్ అంటే సాధారణంగా అన్నం ఇద్దరికి వచ్చేంత కడతారు, కూరలు మాత్రం ఒకరికే. రెండు పార్శిళ్లు తీసుకుని, పక్క కొట్లో పెరుగు ప్యాకెట్టు కొనుక్కుంటే నలుగురి భోజనం అయిపోతుంది.

మెస్‌కి వెళ్లాల్సిన వేళ పన్నెండుంబావు నుంచి ఒంటిగంటన్నర. అప్పుడు మొదటి గుండిగ అన్నం దిగి ఉంటుంది. రెండున్నర దాటితే కూరలు అడుగంటుతాయి, వేపుడు అయిపోయి దాని బదులు ఏదో ఒకటి వేస్తారు, అన్నం చల్లబడి ఉంటుంది. చల్లబడిన అన్నం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనం మాంసానికి భయపడతారు గానీ అన్నానికి భయపడరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం పొగలు కక్కుతూ 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు ఊరుకుంటాయి. గోరువెచ్చగా గంటలతరబడి ఉంటే పెరిగి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేయించినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

దీన్నిబట్టి సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఫ్రైడ్ రైస్ ఎందుకు వద్దంటున్నానో అర్థమై ఉంటుంది. దానికి కావాల్సిందే చల్లారిన అన్నం. మధ్యాహ్నమెప్పుడో వార్చి టబ్బులో ఆరబోసినది రాత్రి తొమ్మిదికి బాణలిలో ఎగురుతుంది. ఆ పెద్ద మంట, గరిట చప్పుడు చూసి "ఇంత వేడిలో ఏం బతుకుతుంది" అనిపిస్తుంది. బ్యాక్టీరియా చస్తుంది, విషం ఉంటుంది. నూడుల్స్ కూడా ముందే ఉడకబెట్టి నూనె రాసి పెట్టినవే. పాపకి అదే కావాలని పేచీ పెడితే రాత్రి ఏడింటికల్లా, బండి అప్పుడే తెరిచిన వేళకి వెళ్లండి, తొమ్మిదింటికి వద్దు. ఆ బండ్ల మీద తెల్లటి మయొనైజ్ సీసా కనబడితే దాన్ని మాత్రం వాడకండి. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించింది, ఊరికే కాదు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండొచ్చు, ఎండలో నిలబడ్డ సీసాలో అది పెరుగుతుంది.

మరి రాత్రికేం తినాలి? హైదరాబాద్ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు: కర్రీ పాయింట్. లాడ్జిలో దిగిన కుటుంబానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు, అయినా ప్రయాణంలో ఎవరికీ గుర్తురాదు. రాత్రి ఏడు, ఎనిమిది మధ్య వెళ్లండి. నలుగురికి అన్నం మూడు ప్యాకెట్లు, పప్పు ఒకటి, వేపుడు ఒకటి, సాంబారో పులుసో ఒకటి. అత్తగారికి నాలుగు పుల్కాలు, చాలా పాయింట్లలో అక్కడే కాలుస్తారు. మొత్తం రెండు వందల యాభై లోపు తేలుతుంది. ఒక్క జాగ్రత్త: మరుగుతున్న సాంబారుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేస్తారు. మూడు గిన్నెల స్టీలు క్యారియర్ ఒకటి, నాలుగు ప్లేట్లు, ఓ గరిట బ్యాగులో పెట్టుకోండి. క్యారియర్ ఇస్తే కవర్లో కట్టేదానికన్నా ఓ గరిటె ఎక్కువే పడుతుంది. పొద్దున ఇడ్లీలు న్యూస్‌పేపర్లో చుడుతుంటే కూడా అదే గిన్నె చాపండి. అచ్చు సిరాలో ఉండే రసాయనాలు వేడికీ నూనెకీ తిండిలోకి దిగుతాయి, పేపర్లో తిండి కట్టకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధనే ఉంది. అరిటాకైనా అడ్డాకైనా ఇబ్బంది లేదు.

క్యారియర్ మోయలేం అనుకుంటే రాత్రి వేడిగా పొయ్యి మీంచి దిగేవాటికి పరిమితం కండి: ఇడ్లీ, అట్టు, చపాతీ, పరోటా, ఆమ్లెట్.

సాయంత్రం బజ్జీలు, పునుగులు. విజయవాడ వెళ్లి పునుగులు తినకుండా రమ్మని ఎవరికీ చెప్పలేం. నూనె చూడండి చాలు. బాణలిలో ఏమీ వేయకపోయినా పైన నురగ ఆగకుండా ఉంటే, రంగు నల్లటి డికాక్షన్‌లా ఉంటే, మంట తక్కువలోనే పొగ వస్తుంటే అది చాలా రోజుల నూనె. నాలుగున్నర, అయిదుకి మొదటి వాయి దిగుతుంది, అప్పుడైతే మంచిది. కట్ మిర్చి రెండుసార్లు వేగుతుంది, అది దాని తయారీ పద్ధతే, తప్పు కాదు. కానీ మొదటిసారి వేగినవి గంపలో ఎప్పటినుంచి ఉన్నాయన్నదే లెక్క. పైన చల్లే ఉల్లిపాయ, నిమ్మరసం అప్పటికప్పుడు కోసి వేస్తే సరే. విశాఖ బీచ్‌లో మురీ (మరమరాల) మిక్స్చర్‌కీ ఇదే మాట. మురీకీ వేరుశనగకీ ఏమీ కాదు, పొద్దున తరిగిపెట్టిన టమాటా, ఉల్లిపాయతోనే ఇబ్బంది. "ఇప్పుడు తరిగి వేయి బాబూ" అంటే వేస్తారు, లేదా టమాటా లేకుండా కలపమనండి.

జనవరిలో గోదావరి జిల్లాల రోడ్ల పక్కన తేగలు కట్టలుగా అమ్ముతారు. కాల్చినవి గాని ఉడకబెట్టినవి గాని, పై తొక్క ఒలిచి తినేవి కాబట్టి ఎవరు ముట్టుకున్నారన్న చింత లేదు. పీచు ఎక్కువ, పాపకి చిన్న ముక్కలుగా విరిచి ఇవ్వండి.

చేపల గురించి అడగలేదు గానీ, రాజమండ్రి వెళ్తున్నారు కాబట్టి ఎవరో ఒకరు పులస అంటారు. పులస అంటే సముద్రంలోంచి గోదావరికి ఎదురీదే ఇలస. వరద నీరు వచ్చే జులై, సెప్టెంబర్ మధ్యే దొరికేది. జనవరిలో పులస పులుసు అని బోర్డు పెట్టారంటే అది ఐసులో దాచినదో, బయట రాష్ట్రం ఇలసో, అసలు వేరే చేపో. మీ బడ్జెట్‌లో వచ్చే చేప, నిజంగా తాజాగా దొరికేది కొల్లేరు, భీమవరం వైపు చెరువుల బొచ్చె, శీలావతి. మిలటరీ హోటల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి పులుసు అడగండి. వేపుడు కన్నా పులుసు నయం, చింతపండు పులుపులో మరుగుతూ ఉంటుంది. పాపకి ముళ్లు తీయడం కుదరదనుకుంటే పులుసు మాత్రం అన్నంలో కలపండి. మీ ప్రయాణం వేసవికి మారితే ఇంకో లెక్క: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో విశాఖలో "ఇప్పుడే ఒడ్డుకొచ్చిన వంజరం" అంటే పెద్దగా నమ్మకండి.

అత్తగారి సంగతికొద్దాం. బండి టీలో చక్కెర గిన్నెలోనే కలిపి మరిగిస్తారు. "షుగర్ లేకుండా" అంటే చాలాచోట్ల కొంచెం తక్కువ వేసిస్తారు, అంతే. "డికాక్షన్ విడిగా ఉందా" అని అడిగి, ఉంటేనే తీసుకోండి. అల్లం పచ్చడిలో, కొన్ని సాంబార్లలో బెల్లం పడుతుంది. మెస్‌లో అన్నం వడ్డించకముందే కూర, పప్పు అడిగి ముందు అవి తినడం మొదలుపెట్టమనండి. అన్నిటికన్నా ముఖ్యం: భోజనానికి ముందు వేసుకునే మాత్ర గాని ఇన్సులిన్ గాని, మోతాదు డాక్టర్ చెప్పినదే, కానీ టోకెన్ తీసుకున్నప్పుడు వద్దు. ప్లేటు ఎదురుగా వచ్చాకే, అది కూడా డాక్టర్‌ని ముందే అడిగి. ఒంటిగంట రద్దీలో టోకెన్‌కీ ప్లేటుకీ మధ్య ఒక్కోసారి నలభై నిమిషాలు పడుతుంది, ఈలోగా షుగర్ పడిపోతే మెస్‌లో కళ్లు తిరుగుతాయి. బ్యాగులో గ్లూకోజ్ బిస్కెట్లు, రెండు అరటిపళ్లు ఎప్పుడూ ఉండాలి.

బస్సులో వెళ్తే సూర్యాపేట, కోదాడ వైపు ఎక్కడో ఒకచోట హాల్ట్ పడుతుంది. ఆగే హోటల్ డ్రైవర్ ఇష్టం, మీది కాదు, రేట్లు ఊళ్లోకన్నా ఎక్కువ. టీ, బాత్రూమ్ వరకూ వాడుకుని, తిండి ఇంటినుంచే కట్టుకెళ్లండి. మొదటి రోజు పులిహోర, చపాతీ చాలు. చింతపండు పులిహోర ఓర్చుకున్నట్టు నిమ్మకాయ పులిహోర ఓర్చుకోదు. సొంత కారైతే ఎన్‌హెచ్ 16 మీద తణుకు, రావులపాలెం లాంటిచోట్ల హైవే మీద ఆగకుండా ఊళ్లోకి అరకిలోమీటరు వెళ్లండి, అదే భోజనం మూడోవంతు తక్కువకి దొరుకుతుంది. అన్నవరం దగ్గర సత్యనారాయణస్వామి ప్రసాదం తప్పక కొనండి. గోధుమ రవ్వ, చక్కెర, నెయ్యితో చేసి ఆకులో కట్టిస్తారు, ఆ రోజంతా నిలుస్తుంది. తీపి కాబట్టి అత్తగారికి కళ్లకద్దుకునేంత చాలు.

రైలైతే జనరల్ బోగీలు ఆగే చోట ప్లాట్‌ఫాం మీద రైల్వే వాళ్ల ఎకానమీ మీల్స్ కౌంటర్లు కొన్ని స్టేషన్లలో ఉంటాయి. ఏడు పూరీలు, బంగాళాదుంప కూర 20 రూపాయలు. రిజర్వేషన్ బోగీలో కూర్చున్నవాళ్లకి ఇవి కనబడవు, నడిచి వెళ్లాలి. రైల్ నీర్ లీటరు సీసా 2025 సెప్టెంబర్ 22 నుంచి 14 రూపాయలు, ఇరవై అడిగితే ఇవ్వకండి. హోటళ్లలో స్టీలు జగ్గు నీళ్లు పాపకీ అత్తగారికీ వద్దు. సీసా కొంటే మూత సీలు తిప్పినప్పుడు టక్కుమని తెగాలి.

ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ మొదలయ్యాయి. విజయవాడ, రాజమండ్రి, విశాఖ మూడింటిలోనూ ఉన్నాయి. పూటకి 5 రూపాయలు, టిఫిన్, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం. ఆదివారం సెలవు. ఎవరైనా తినొచ్చు, ఎవరూ ఆధార్ అడగరు. కూలిపనికి వెళ్లేవాళ్ల కోసం పెట్టినవి కాబట్టి మధ్యాహ్నం క్యూ పొడుగ్గా ఉంటుంది, అత్తగారిని నిలబెట్టడం కష్టం. పొద్దున టిఫిన్‌కైతే హాయిగా వెళ్లొచ్చు.

బిల్లు దగ్గర రెండే విషయాలు. చిన్న హోటళ్లలో చాలావాటికి జీఎస్టీ నంబరే ఉండదు, లేదా కాంపోజిషన్ పథకంలో (అమ్మకాల మీద కొద్దిపాటి పన్ను హోటలే కట్టుకునే పద్ధతి) ఉంటాయి. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకపోయినా, కాంపోజిషన్ అని రాసి ఉన్నా మీ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు. వసూలు చేసే హక్కున్న మామూలు రెస్టారెంట్లో అది 5 శాతం. సర్వీస్ చార్జీ వేస్తే తీసేయమని చెప్పొచ్చు, అది తప్పనిసరి కాదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తేల్చింది. గోడ మీద 14 అంకెల ఆహార భద్రత నంబరు చూడటం మంచి అలవాటే, చిన్నవాటిది 2తో మొదలవుతుంది. కానీ అది పేరు నమోదైందని చెప్పేది, ఈ పూట చట్నీ ఎలా ఉందో చెప్పేది కాదు.

మీ వెయ్యి లెక్క ఇలా పడుతుంది: టిఫిన్ 220, టీలు 40, మధ్యాహ్నం మూడు ప్లేట్ మీల్స్ 330, సాయంత్రం 90, రాత్రి కర్రీ పాయింట్ 240, నీళ్లు 50. మొత్తం 970. ఊరిని బట్టి, వీధిని బట్టి పదీ ఇరవై అటూ ఇటూ అవుతుంది.

ఇక అరకు. కిరండోల్ రైలు విశాఖలో ఏడు కొట్టకముందే బయల్దేరుతుంది, కొండెక్కేసరికి పదిన్నర దాటుతుంది. ముందురోజు సాయంత్రమే స్టేషన్ బయట టిఫిన్ బండి ఎన్నింటికి తెరుస్తారో కనుక్కుని, పొద్దున్నే ఇడ్లీలు క్యారియర్‌లో పెట్టించుకోండి. కారప్పొడి, నెయ్యి వేరే డబ్బాలో. చట్నీ మాత్రం కట్టించుకోవద్దు, ఇడ్లీ మీద పోసిన చట్నీ తొమ్మిదింటికల్లా రెండింటినీ పాడుచేస్తుంది.

అరకులో అందరూ తినేది బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు, బొంగులోని తేమే ముక్కని ఉడికిస్తుంది. రేటు కిలో లెక్కన చెబుతారు. పచ్చి చికెన్ తూకం మీ ముందు వేయించండి, తర్వాతే కూరమనండి. ముప్పావు కిలో మీ నలుగురికి సరిపోతుంది. అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది, "పది నిమిషాల్లో ఇస్తా" అన్నారంటే పొద్దున కాల్చి పక్కన పెట్టినదాన్ని వేడిచేసి ఇస్తున్నారన్నమాట. నల్లగా మాడి చల్లగా ఉన్న బొంగులు పక్కన వరసగా పేర్చి ఉంటే అవే అవి. జనవరి రద్దీలో ఇంకో తప్పు జరుగుతుంది. నిప్పులయ్యేదాకా ఆగకుండా ఎగసే మంటలోనే పెట్టేస్తారు, బొంగు త్వరగా నల్లబడుతుంది, లోపల ముక్క పచ్చిగానే ఉంటుంది. మూతి ఆకుల్లోంచి ఆవిరి ఆగకుండా వస్తుండాలి. చీల్చాక లావు ముక్క ఒకటి తుంచి చూడండి. ఎముక నుంచి సులువుగా విడిపోయి, కారే రసం తేటగా ఉంటే తినండి, ఎర్రగా కారుతుంటే మళ్లీ నిప్పుల మీద పెట్టించండి. మసాలాలో పచ్చిమిర్చి ఎక్కువ, పాపకి అరకులో పెరుగన్నమో ఆమ్లెట్టో చూసుకోండి. ఆ రోజు ఖర్చు వెయ్యి దాటుతుంది, దాటనివ్వండి.

ఇంత చూసుకున్నా విరేచనాలు పట్టుకుంటే: ఓఆర్ఎస్ ప్యాకెట్ పెద్దది లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం కాదు. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. పాపకి విరేచనాలు ఆపే మాత్రలు మీరే వేయకండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, తాగినవి నిలవకపోయినా, పాప మూత్రం తగ్గినా వెంటనే ఆస్పత్రికి. అత్తగారి షుగర్ మాత్రల సంగతి కూడా అప్పుడు డాక్టర్‌నే అడగాలి, తిండి దిగనప్పుడు మామూలు మోతాదు ఎక్కువవుతుంది.

చివరిగా, తేదీలు. సంక్రాంతికి భోగి ముందురోజు నుంచి ముక్కనుమ దాటేదాకా చిన్న మెస్సులు, కర్రీ పాయింట్లు చాలావరకు మూతపడతాయి. మాస్టర్లు, సప్లయర్లు ఊళ్లకి వెళ్లిపోతారు. తెరిచి ఉన్న ఒకటీ అరా చోట్ల జనం విరగబడి ఉంటారు, పైన చెప్పిన వేళల లెక్కలేవీ పనిచేయవు. టికెట్లు ఇంకా తీయకపోతే జనవరి 20 తర్వాతకి పెట్టుకోండి.